ఇనుప గుండం

పోయిన నెల ఒక పొద్దుగాల నలుగురు పిలగాండ్లు మా ఇంటి ముందర రెండు బండ్లు ఆపి దిగిండ్రు. అందరూ ఎరికైనోళ్లే. ఇద్దరి తండ్రులు నా దగ్గర బలపం పట్టి అక్షరాలు దిద్దినోళ్లు. కూర్చోండ్రి అంటే కూర్చోలేదు. "సారూ, మీ సంతకం ఒక్కటి కావాలె. మీది పైన ఉంటే కాగితానికి వజన్ ఉంటది" అన్నడు అందరిల పెద్దోడు.

కండ్లద్దాలు పెట్టుకొని చదివిన. కలెక్టరు గారికి విన్నపం. ఫలానా తండాల కొందరు అక్రమంగా ప్రార్థనా మందిరం కడుతున్నరు, దానితోని శాంతిభద్రతలకు భంగం కలుగుతది, వెంటనే ఆపించాలె అని సారాంశం. కింద ఇరవైకి పైగా సంతకాలు, నాలుగైదు వేలిముద్రలు.

"భూమి ఎవరిది?" అని అడిగిన.

"వాళ్లదే సారూ. పట్టా భూమి."

"బాటకు అడ్డం వస్తున్నదా?"

"లేదు. చేను మూలకు కడుతున్నరు."

"పంచాయతీల అనుమతి అడిగిండ్రా?"

"అది తెల్వదు."

"మీల ఎవరన్న పోయి చూసిండ్రా?"

ఒకడు ఫోను తీసి ముందర పెట్టిండు. సడక్ మీద బండి ఆపకుండనే తీసినట్టుంది, అంతా ఊగుతున్నది. నాలుగు ఇనుప పైపులు, పక్కకు రేకులు, పది సిమెంటు సంచులు, ఒక ముసలమ్మ వంగి ఇటుకలకు నీళ్లు కొడుతున్నది. అంతే.

"మరి అక్రమం అని ఎట్ల రాసిండ్రు?"

"నారాయణఖేడ్‌ల టైపు చేసేటాయన దగ్గర నమూనా ఉండె సారూ. ఊరు పేరు మార్చి ఇచ్చిండు."

ఆ మాట ఇప్పటిదాక నా చెవుల నుంచి పోతలేదు. కులం సర్టిఫికెట్‌కు నమూనా ఉంటది, కరెంటు మీటరుకు నమూనా ఉంటది. పక్క తండోళ్లు దేవుని పేరు తలుచుకునే జాగ వద్దనడానికి కూడ అచ్చు తయారైందా? ఊరు పేరు మారిస్తే చాలునా? "కాగితం ఇక్కడ పెట్టి పోండ్రి, ఆలోచించి చెప్త" అన్న. మొఖాలు చిన్నబోయి పోయిండ్రు.

మా రోజుల్లో గుళ్ల మీద, మసీదుల మీద తగాదాలు లేవని నేను అబద్ధం చెప్ప. నాకు 78 ఏండ్లు. నేను పుట్టినప్పుడు మాది హైదరాబాదు రాజ్యం, బీదరు మా జిల్లా. 1956 నవంబరు 1న రాష్ట్రాలను భాషల లెక్కన గీసినప్పుడు బీదరు మైసూరుల కలిసింది, ఉద్గీరు, నీలంగా, అహ్మద్‌పూర్ బొంబాయి రాష్ట్రంలకు పోయినయి, మా నారాయణఖేడ్ తాలూకా మెదక్ జిల్లాలకు వచ్చింది. అరవై ఏండ్లకు, 2016 అక్టోబరుల, సంగారెడ్డి జిల్లా అయినం. అప్పుడే మనూరు నుంచి విడదీసి నాగల్‌గిద్దను మండలం చేసిండ్రు. గీతలు ఎన్నిసార్లు జరిగినా మా సంత మాత్రం మారలేదు. ఒక్క గంప కంది కాయ బేరంల తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ, లంబాడీ అయిదూ వినపడుతయి. ఇన్ని నాలుకలు, ఇందరు దేవుండ్లు ఉన్నకాడ అభ్యంతరం లేకుండ ఎట్ల ఉంటది? ఉండె. ఆ అభ్యంతరం చెప్పే తీరు వేరే ఉండె.

నా చిన్నప్పుడు మా దిక్కు ఒక ఊర్ల మసీదు గోడ కూలింది. మళ్ల లేపుతూ ముందలికి జరపాలనుకున్నరు, నమాజుకు వచ్చేటోళ్లు పెరిగిండ్రు కాబట్టి. ఆ గోడ అట్ల జరిగితే జాతరల రథం తిరిగే మలుపు ఇరుకైతది. లింగాయతులు వద్దన్నరు. ఎవరికి వద్దన్నరు? కలెక్టరుకు కాదు, మసీదు పెద్దకే. కచ్చీరు అరుగు మీద వేపచెట్టు కింద కూర్చున్నరు. పొద్దంతా గట్టిగనే వాదులాడుకున్నరు. సాయంత్రం ఒకాయన పగ్గం తెచ్చిండు. రథం ఇరుసు కొలిచిండ్రు, బాట కొలిచిండ్రు, గోడ రెండు మూరలు వెనుకకు తీసుకున్నరు. ముందలికి పోని జాగకు బదులు వెనుక దిక్కు జాగ ఇచ్చింది ఒక లింగాయత్ ఇల్లే. రాళ్లు తోలిన బండ్లల మా నాయన బండి కూడ ఉండె. తగాదా పడ్డోళ్లు తెల్లారి అదే బావి కాడ కలవాలె, అదే సాహుకారు దగ్గర విత్తనం అడగాలె. ఆ ఎరుక వాళ్ల మాటలకు హద్దు పెట్టేది.

ఇప్పుడు అభ్యంతరం చెప్పేటోడు బావి కాడ కలువడు. సగం మంది సంతకందార్లు హైదరాబాదుల ఉంటరు, పండుగకు వస్తరు. ఫోన్ల గ్రూపులల్ల ఎక్కడెక్కడోళ్లో మా తండా గురించి మాట్లాడుతరు. ఆ తండా ఏ గుట్ట వెనుక ఉన్నదో కూడ వాళ్లకు తెల్వదు.

పీర్ల పండుగ సంగతి చెప్త. మా ఊళ్లల్ల పీర్ల సావడికి గోడలు పూసేది, అలావా గుంత తవ్వేది, కట్టెలు తెచ్చేది ఎవరని ఎన్నడూ ఎవరూ అడుగలేదు. పీరు ఎత్తుకునేటోళ్లల సగం మంది బొట్టు పెట్టుకునేటోళ్లే. మా అవ్వ కుడుక, బెల్లం, ఊదు పట్టుకొని పోయి మొక్కేది. అదే అవ్వ సోమవారం శివుని గుడికి పోయేది. ఆమెకు ఆ రెండిటి మధ్యల గోడ ఉన్నదని తెల్వనే తెల్వదు.

ఇంకా పెద్ద ముచ్చట అష్టూరు ఉర్సుది. బీదరు పక్కనే అష్టూరుల బహమనీ సుల్తానుల గుమ్మటాలున్నయి. అందుల అహ్మద్‌షా వలీ గుమ్మటం లోపల రంగులు చూసి తీరాలె, చెప్తే తెలిసేది కాదు. ఆయన 1436ల పోయిండు. గుల్బర్గా నుంచి రాజధానిని బీదరుకు తెచ్చింది ఆయనే. ముసల్మానులు ఆయనను వలీ అంటరు, లింగాయతులు అల్లమప్రభువు అవతారం అంటరు. ఉర్సు లెక్క చంద్రమానం మీదనే గాని హోళీ పున్నం నుంచి లెక్కపెడుతరు. గుల్బర్గా దిక్కు మాడియాళ్ నుంచి ఒక జంగమయ్య తన శిష్యులతోని కాలినడకన వస్తడు. ఆయన రాకుండ ఉర్సు మొదలు కాదు. అయిదారు వందల ఏండ్ల కింది గోరీ కాడ జంగమయ్య కొబ్బరికాయ కొడుతడు, ముజావరు పక్కన నిలబడుతడు. నన్ను మా అవ్వ ఎడ్లబండి మీద తీసుకొనిపోయింది, నాకు ఏడేండ్లో ఎనిమిదేండ్లో. ఆ జనంల ఎవరు ఎవరని అడగాలని నాకు తోచలేదు. ఇప్పటి పిల్లలకు మొదలు అదే తోస్తున్నది. వాళ్ల తప్పు ఎంత, మా పెంపకం తప్పు ఎంత, నేను తేల్చుకోలేకపోతున్న.

ఇగ అసలు ముచ్చటకు వస్త. ఆ కాగితం చదివినంక నేను అటక మీది నుంచి ఒక వస్తువు దించిన. మా నాయన ఇనుప హోమగుండం. పైన వెడల్పు, కిందికి సన్నం, రెండు దిక్కుల పిడులు. పెద్ద సోలంత ఉంటది గాని బరువు. అడుగున ఇంకా నల్లగనే ఉన్నది.

మా నాయన ఉద్గీరుల చదువుకున్నడు. అక్కడ భాయీ బన్సీలాల్, శ్యామలాల్ అనే అన్నదమ్ములు ఆర్యసమాజం నడిపేటోళ్లు. మా నాయన వాళ్ల వెంట తిరిగి జంధ్యం వేసుకొని, హవనం నేర్చుకొని వచ్చిండు. అప్పటి నిజాం రాజ్యంల కొత్తగ గుడి గాని, మసీదు గాని, చర్చి గాని కట్టాలంటే, పాతదాన్ని బాగుచేయాలన్నా, ఉమూరె మజ్‌హబీ మహకమా, అంటే మత వ్యవహారాల శాఖ, అనుమతి కావాలె. కాగితం మీద అందరికీ ఒక్క తీరే. అడిగినోడు ఎవరన్నదాన్ని బట్టి జవాబు నెలలల్ల వచ్చేది, ఏండ్లల్ల వచ్చేది, రాకనే పోయేది. సభ పెట్టుకోవాలంటే 1929 నాటి గస్తీ నిషాన్ 53, అంటే 53వ నంబరు సర్క్యులర్, ప్రకారం ముందు సర్కారుకు చెప్పాలె. ఆర్యసమాజం వాళ్లకు గుడి కాదు గదా, నాలుగు ఇటుకలు పేర్చి హోమగుండం కట్టుకున్నా అది అనుమతి లేని కట్టడమే.

అందుకే మా నాయన కమ్మరి దగ్గరికి పోయి ఈ ఇనుప గుండం చేయించిండు. కట్టినదానికి అనుమతి కావాలె, ఎత్తుకపోయేదానికి ఏం కావాలె అని ఆయన తెలివి. తెల్లారకముందు తలుపులు బిడాయించుకొని హవనం చేసేటోడట. ఆనక దాన్ని జొన్నల గరిసెల పూడ్చేటోడట. పోలీస్ పటేల్ ఇంటికి వస్తే మా నాయనమ్మ పొయ్యిల పచ్చికట్టె పెట్టి పొగ చేసేది, నెయ్యి వాసన తెలువకుండ. ఈ ముచ్చట చెప్పినప్పుడల్ల ఆమె నవ్వేది గాని, మా నాయన నవ్వంగ నేను చూడలేదు.

శ్యామలాల్ 1938 డిసెంబరుల బీదరు జైల్ల పానం విడిచిండు. అదే నెల షోలాపూర్‌ల ఆర్య మహాసభ జరిగింది. 1939 జనవరి ఆఖరున నారాయణ స్వామి మొదటి జట్టును తీసుకొని నిజాం రాజ్యంల అడుగు పెట్టిండు. పంజాబ్ నుంచి, సంయుక్త పరగణాల నుంచి, ఎక్కడెక్కడి నుంచో వేల మంది వచ్చి జైళ్లు నింపిండ్రు. వాళ్లు అడిగింది రాజ్యం కాదు. మందిరం, యజ్ఞశాల, హోమగుండం కట్టుకోవడానికి ఎవరి కాళ్లూ పట్టుకోవద్దని అడిగిండ్రు. సర్కారు కొన్ని సడలింపులు ప్రకటించినంక ఆగస్టుల సత్యాగ్రహం ఆపిండ్రు. మన ఊళ్ల పిల్లలకు ఈ కథ తెలుసు. ఏటా సెప్టెంబరు 17కు మైకుల చెప్తరు. చెప్పేటోళ్లల, నా దగ్గరికి ఆ కాగితం తెచ్చిన పిలగాడు ఒకడు. నిజాం మమ్మల్ని గుడి కట్టుకోనీయలేదని పోయిన ఏడు వాడే స్టేజీ ఎక్కి మాట్లాడిండు. చప్పట్లు కొట్టినోళ్లల నేనున్న.

నాకు అర్థం కానిది ఇదే. అడుక్కునే బాధ ఎట్లుంటదో ఇంత బాగ తెలిసినోళ్లం, అదే బాధ ఇంకొకల ఇంటి మీదికి ఎట్ల తోలుతం?

కాని మా నాయనను కూడ నేను మంచోని చేసి ఊరుకోను. రాస్తే మొత్తం రాయాలె. నాకు పది, పదకొండేండ్లు ఉంటయి. సర్కారు మారింది, రాజ్యాంగం వచ్చింది, హోమగుండం గరిసెల నుంచి బయటికి వచ్చి వాకిట్లనే కూర్చున్నది. అప్పుడు మాదిగవాడోళ్లు కొందరు వాడ చివర ఒక గుడిసె వేసుకుంటమన్నరు. సైకిల్ మీద ఒక పాస్టరు వచ్చి పాటలు నేర్పేటోడు, చదువు చెప్పేటోడు. వానకు కూర్చోవడానికి జాగ లేదని అడిగిండ్రు. ఊరి పెద్దలు కచ్చీరుకు పిలిపించిండ్రు. మసీదు గోడ కాడ పగ్గం తెచ్చి కొలిచిన ఆ అరుగే, ఆ వేపచెట్టే. ఆ దినం ఎవరూ పగ్గం తేలేదు. కొలిచే పనే పడలేదు. వాళ్లను అరుగు కింద నిలబెట్టే మాట్లాడిండ్రు. "మీకు గుడిసె ఎందుకురా, మందిర్ ఉన్నది గదా" అన్నడొకాయన. ఆ మందిర్ గడప వాళ్లను ఎన్నడూ తొక్కనియ్యలేదు. ఆ సంగతి అందరికీ తెలుసు. ఒక ముసలాయన నేల చూసుకుంటనే "గడప దాక కూడ రానీయరు గదా దొరా" అన్నడు. దాంతోని అందరూ గరమైండ్రు. వద్దన్నరు. ఎవరన్న కట్టెలిస్తే, జాగ ఇస్తే చూస్తమన్నరు.

మా నాయన అరుగు మీదనే ఉండె. నోరు తెరువలేదు.

ఇంటికొచ్చినంక నేను అడిగిన, పిల్లల తెలివితోని. నిన్ను గుండం కట్టుకోనీయలేదు గదా నాయనా అని. ఆయన చాలసేపటికి, వాళ్లను మనం గుళ్లెకు రానిస్తే వాళ్లు అటు ఎందుకు పోతరు అన్నడు. ఆర్యసమాజపోడు, కులం వద్దన్నోడు. మాట సరైనదే. ఆ మాటను కచ్చీరుల ఎందుకు అనలేదో చెప్పలేదు. గుడిసె మూడేండ్లకు లేచింది, ఊరి అవతల, చెలక గట్టు మీద. ఆ మూడేండ్లల్ల మా నాయన గాని, ఇంకొకరు గాని పోయి వాళ్లతోని కూర్చున్నది లేదు.

కాబట్టి మా రోజులల్ల అభ్యంతరాలు రెండు తీర్లు ఉండె. ఒకటి గోడ మీద, బాట మీద. దాన్ని పగ్గంతోని తెంపుకున్నం. రెండోది మనిషి మీద. దానికి పగ్గం లేదు. మొదటి తీరు మా దగ్గర నేర్చుకోమంటే ఈ పిల్లలు రెండోదే నేర్చుకున్నరు. మేము చేసిన పాపానికి ఇప్పుడు నమూనా కాగితం దొరుకుతున్నది.

కట్టేటోళ్ల మీద కూడ నాకు కోపం తక్కువ లేదు. మా రోజుల్లో గుడికి గొప్పతనం దీపంతోని వచ్చేది. చమురు ఎవరు పోస్తరు, పొద్దుగూకితే ఎవరు వెలిగిస్తరు అని లెక్క ఉండె. మసీదులకు, గుళ్లకు, దర్గాలకు మష్రూతీ ఇనాం భూములు ఉండె, దీపం ఆరకుండ. ఇప్పుడు కమాను ఎంత ఎత్తు, టైల్స్ ఏ రంగు, రాతిపలక మీద ఎవరి పేరు ముందు అన్నదే లెక్క. అయిదు గుళ్లున్న ఊర్ల ఒక్క దాంట్లనే దీపం వెలుగుతది. మసీదు మీద నాలుగు దిక్కుల నాలుగు హారన్లు. ఇరవై మంది కూర్చునే మందిరంల రెండువేల మందికి సరిపోయే బాక్సులు. పరీక్షలకు చదువుకునే పిల్ల ఏ దేవునికి మొరపెట్టుకోవాలె? మద్రాసుల ఒక చర్చి మీద పక్క కాలనీవాళ్లు కేసు వేస్తే, ఇంకొకల నెమ్మది చెడగొట్టి ప్రార్థన చేయమని ఏ మతం చెప్పలేదని సుప్రీంకోర్టు 2000 ఆగస్టు 30న తీర్పు చెప్పింది. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాక మైకు వద్దని అదే ఏడు రూల్స్ వచ్చినయి. గుడైనా, మసీదైనా, చర్చైనా, గురుద్వారా అయినా, బాటల మీద, పార్కులల్ల, సర్కారు జాగలల్ల అనుమతి లేకుండ కొత్తగ లేపొద్దని 2009 సెప్టెంబరు 29న ఇంకో ఉత్తర్వు ఇచ్చింది. రాత్రికి రాత్రి సర్కారు బంచరల ఒక రాయి నిలబెట్టి, పసుపు పూసి, తెల్లారి ఎవరన్న మాట్లాడితే దేవుని మీద చెయ్యి వేస్తవా అనేటోళ్లను నేను చూసిన. వాళ్ల మీద కాగితం రాస్తే నేను మొదటి సంతకం పెడుత. ఆ కాగితం ఎవరూ తేలేదు.

ఎత్తు మీద కొట్లాట కూడ కొత్తది కాదు. మెదక్ చర్చి సంగతి మా జిల్లాల అందరూ చెప్పుకునేదే. కరువు కాలంల పాస్నెట్ దొర జనానికి పని కల్పించి, తిండి పెట్టి, 1914 నుంచి పదేండ్లు కట్టించిండు. 1924 డిసెంబరు 25న తెరిచిండ్రు. ఆ గోపురం చార్మినారు కంటే ఎత్తు పోతున్నదని ఎవరో నిజాంకు చాడీ చెప్పిండ్రని, పని ఆగేటంత కాడికి వచ్చిందని పెద్దోళ్లు అనేటోళ్లు. అది ఎంత నిజమో గాని చెప్పేటోళ్లు నవ్వుకుంటనే చెప్పేటోళ్లు. చార్మినారుకు దానితోని ఏం తక్కువైంది? గుడి, మసీదు పక్కపక్కన నిలబడ్డ ముచ్చట కూడ ఉన్నది. 2020 జూలైల హైదరాబాదుల పాత సచివాలయం కూలగొట్టేటప్పుడు అందుల ఉన్న నల్లపోచమ్మ గుడి, మసీదులు కూడ పోయినయి. జనం నొచ్చుకుంటే సర్కారు గుడి, మసీదు, చర్చి మూడూ కట్టించి 2023 ఆగస్టు 25న ఒక్క దినమే తెరిచింది. పట్నంల ఒకే కాంపౌండుల మూడు నిలబడంగ లేనిది, మా చెలకల రేకుల షెడ్డు నిలబడితే శాంతి ఎట్ల పోతది?

మా పెద్ద మనుమడు హ్యూస్టన్‌ల ఉంటడు. అక్కడికి దగ్గర్లనే షుగర్‌ల్యాండ్‌ల మన చిన జీయర్ స్వామి వారి అష్టలక్ష్మి గుళ్లె 2024 ఆగస్టుల 90 అడుగుల హనుమంతుని నిలబెట్టిండ్రు. వారం దాటకముందే ఒక చర్చివాళ్లు కొందరు గుడి ఆవరణలకు వచ్చి, విగ్రహం కాడ నిలబడి, భక్తులకు అడ్డం పడి, ఇది తప్పుడు దేవుడని మొత్తుకున్నరు. 2025 సెప్టెంబరుల సెనేటుకు పోటీ చేద్దామనుకునే ఒక నాయకుడు, మాది క్రైస్తవ దేశం, ఈ అబద్ధపు విగ్రహాన్ని ఎందుకు రానిస్తున్నరని బాహాటంగ రాసిండు. మనుమడు ఆ రాత్రి ఫోను చేసిండు. "తాతా, మా జాగల మేము కట్టుకున్నం. పన్ను కడుతున్నం. వీళ్లకేం నొప్పి?" అని గొంతు వణికింది వానిది. పిల్లలను గుడికి తీసుకపోవాలంటే భయమైతున్నదన్నడు. నాకు నిద్ర పట్టలేదు.

ఆ మనుమడే, ఈ కాగితం సంగతి చెప్తే, "పెట్టు తాతా సంతకం. వాళ్లను మొదట్లనే ఆపాలె" అన్నడు.

ఫోన్ల నేను ఎన్నడూ అంత గట్టిగ మాట్లాడలేదు. నీ గుడి కాడ నిలబడి మొత్తుకున్నోడు అన్నది ఇదే మాట గదరా బిడ్డా అన్న. వాడు అది వేరే తాతా, ఇక్కడ మతం మార్పిడి అన్నడు. భయపెట్టి మారిస్తే చట్టం ఉన్నది, ఆ పని చేసినోని పేరు రాసి పోలీసుకు ఇయ్యి అన్న. ఒక చేను మూలకు కూర్చొని పాట పాడుకునే మనిషి తన మనసుతోని ఏం చేసుకుంటడన్నది వాని ఇష్టం. రాజ్యాంగం 25వ అధికరణం ఆ మాట చెప్పంగనే ప్రజాశాంతికి, నీతికి, ఆరోగ్యానికి లోబడి అని హద్దు కూడ పెట్టింది. ఆ హద్దుల పక్కింటోనికి నచ్చలేదన్నది లేదు. నేను బళ్లె ముప్పై ఏండ్లు ఇది పిల్లలతోని చదివించిన.

వాడు ఇంకొక సంగతి తెలుసుకోవాలె. న్యూజెర్సీల బ్రిడ్జ్‌వాటర్ అనే ఊర్ల మనోళ్ల బాలాజీ గుడి ఉన్నది. అదే ఊర్ల ముసల్మానులు మసీదు పెట్టుకుంటమంటే, 2011ల ఆ టౌన్‌షిప్ ఆదరబాదర కొత్త నియమం తెచ్చి, ప్రార్థనా స్థలాలు ఫలానా రోడ్ల మీదనే ఉండాలన్నది. కోర్టుకు పోయిండ్రు. 2014ల రాజీ కుదిరింది. 77 లక్షల 50 వేల డాలర్లు, వేరే జాగ. రోడ్ల రద్దీ అని పేరు పెట్టి మనిషి మీద అభ్యంతరం చెప్తే అక్కడి కోర్టు ఊకోలేదు. అక్కడ బాలాజీ గుడిని కాపాడే చట్టం, ఆ మసీదును కాపాడే చట్టం ఒక్కటే. అందుల ఒక ముక్క మనకు, ఒక ముక్క వాళ్లకు అని కోసుకోలేం.

సంతకాల ముచ్చట వచ్చింది కాబట్టి చెప్త. న్యూయార్క్‌ల ఫ్లషింగ్ అనే చోట బౌన్ స్ట్రీట్ మీద 1977ల మహావల్లభ గణపతి గుడి కట్టిండ్రు. అమెరికాల మనోళ్ల తొలి గుళ్లల అదొకటి. ఆ వీధికి ఆ పేరు జాన్ బౌన్ అనే ఆయన వల్ల వచ్చింది. అది డచ్చోళ్ల ఏలుబడి కాలం. క్వేకర్లు అనే చిన్న మతస్తులను ప్రార్థన చేసుకోనీయొద్దని గవర్నరు స్టైవెసంట్ ఉత్తరువు ఇస్తే, 1657 డిసెంబరు 27న ఆ ఊరోళ్లు 30 మంది, అది అన్యాయమని కాగితం రాసి సంతకాలు పెట్టిండ్రు. ఆ 30 మందిల క్వేకరు ఒక్కడు లేడు. కొందరు జైలుకు పోయిండ్రు. అయిదేండ్లకు జాన్ బౌన్ తన ఇంట్ల క్వేకర్లను కూర్చోనిచ్చిండని ఆయనను పట్టుకపోయిండ్రు. మూడువందల ఏండ్లకు మన గణపతి పోయి ఆయన వీధిల కూర్చున్నడు. నేను ఇది ఒక పత్రికల చదివి దాచిపెట్టుకున్న. ఇంకొకల దేవుని కోసం సంతకం పెట్టే కాగితం కూడ ఉంటదని ఆ పిలగాండ్లకు చూపిద్దామని ఇప్పుడు వెతికితే దొరుకుతలేదు.

మొన్న ఆదివారం నేను తండాకు పోయిన. పక్కింటి పిలగాడు బండి మీద దించిండు. తండా మొదట్ల సేవాలాల్ మహరాజ్ గుడి, మేరమ్మ గుడి, జెండా. ఆ కొసకు, చేను మూలకు, రేకులు. ఫోన్ల కనపడ్డ ముసలమ్మ అక్కడనే ఉన్నది. నీళ్లు అర మైలు నుంచి బిందెలతోని మోస్తున్నది. తండా నాయక్‌ను పిలిపించి అందరినీ ఒక్కకాడ కూర్చోబెట్టిన. నాయక్‌కు అభ్యంతరం ఉన్నది. ఏందని అడిగితే మైకు. పొద్దుగాల అయిదింటికి పాటలు పెడుతున్నరు, పసిపిల్లల తల్లులు నిద్రలేక చస్తున్నరని. షెడ్డు వద్దనా? "వద్దని నేనెప్పుడన్న?" అన్నడు. మందిరంవాళ్లు తల గోక్కున్నరు. మైకు లోపలికి తిప్పుతం, ఏడింటికి ముందు పెట్టం అన్నరు. పంచాయతీ అనుమతి అడిగిన. దరఖాస్తు పెట్టలేదన్నరు. అది తప్పే, రేపే పెట్టుకోండ్రి, గోడ లేపకముందే అని కోపం చేసిన. రాయడానికి కూర్చున్న పిల్లకు కాగితం మీద ఎక్కడ మొదలుపెట్టాలె అన్నది నేనే చెప్పిన. గంటన్నర పట్టింది అంతా. చాయ్ తాగినం. నాయక్, ఆ మందిరం ఆయన నన్ను బండి దాక సాగనంపిండ్రు, ఒకరితోని ఒకరు వాన గురించి మాట్లాడుకుంట.

మా నాయన ఆ దినం అరుగు దిగి ఇంత దూరం నడిచి ఉంటే అని వచ్చేటప్పుడు తోవంతా అనిపించింది.

సంతకాల కాగితం గాలికి పోకుండ ఇనుప గుండం కింద పెట్టిన. నిన్న పెద్దోడు ఫోను చేసిండు, కలెక్టరేట్‌ల అర్జీలు తీసుకునే ప్రజావాణి ఉన్నది, కాగితం కావాలె సారూ అని. తండాకు నాతోని వస్తే తిరిగి ఇస్త అన్న. సోయా కోత ఉన్నది, కుదరదన్నడు. కోత ఎన్ని దినాలు అని అడిగిన. నాలుగు అన్నడు. అయిదో దినం పొద్దున ఏడింటికి వస్త, బండి తీసి పెట్టు అన్న.